గీత ఒకరు గీయాలా, వందమందితో గీయించాలా?

కర్నూలులో తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. 2014 జూన్ 2 వరకు అది రెండు జిల్లాల మధ్య ఏరు, ఆ తర్వాత రెండు రాష్ట్రాల సరిహద్దు. నా దగ్గర బొమ్మలు నేర్చుకునే పదో తరగతి అమ్మాయిలకు పాత పటం గుర్తు లేదు. దీని మీద ఏదైనా చేస్తామని వాళ్లు అడిగితే ఇద్దరు కళాకారిణుల దారులు చూపించాను: జరీనాది, శిల్పా గుప్తాది. ఏది మేలు?

జరీనా 1937లో అలీగఢ్‌లో పుట్టారు. దేశ విభజన నాటికి పదేళ్లు. 1959లో ఆమె కుటుంబం కరాచీకి వెళ్లిపోయింది. 2001లో చేసిన ‘డివైడింగ్ లైన్’లో కాగితం మీద ఉన్నది భారత్–పాకిస్తాన్ సరిహద్దు, ఒకే నల్లని గీతగా. అది చెక్క అచ్చు. అందులో ఉలి తాకని చోటే సిరా అంటుతుంది. అంటే ఆమె గీతను గీయలేదు, చుట్టూ ఉన్న నేలనంతా చెక్కి తీసేస్తే గీత మిగిలింది. సరిహద్దు గురించి ఇంత నిజమైన మాట నేను ఏ ఉపన్యాసంలోనూ వినలేదు.

ముంబైలో 1976లో పుట్టిన శిల్పా గుప్తా వందమందిని అడిగి, జ్ఞాపకం నుంచి దేశపటం గీయించారు. ఒకరి గీత ఇంకొకరి గీతతో కలవదు. అదే ఆ పని సారం.

పనితనంలో నా ఓటు జరీనాకే. అయినా మా పిల్లలకు రెండోదే మేలని చెప్పాను. జరీనా గీతకు బరువు పోగొట్టుకున్న ఇంటి నుంచి వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల ఆ బరువును అరువు తెచ్చుకుంటే బొమ్మ అందంగా ఉంటుంది, అంతే. మరి ఈ ఊళ్లో అడగడానికి మనుషులు ఉన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి, 1956 నవంబరు 1న ఆ హోదా పోగొట్టుకున్న ఊరు ఇది. బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు ఇటు కలిసిందీ 1953లోనే. ఆ రోజులు చూసిన అవ్వలను ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతాం? పైగా కాగితం, పెన్సిలు చాలు.

ఒక్క షరతు పెట్టాను: ముందు ప్రతి అమ్మాయీ తన పటం తాను గీయాలి. లేకపోతే వందమంది వెనక దాక్కోవడం సులువు.

మొదట వచ్చిన వాటిలో ఒక అవ్వ పటం ఉంది. ఆమె పుట్టిల్లు ఏటికి అవతల, అలంపురం. రెండు ఒడ్లనూ కలిపి ఒకే సున్నా చుట్టింది. దాన్ని దిద్దవద్దని పిల్లలకు చెప్పాను.