మెట్రోకా, ఎంఎంటీఎస్‌కా?

హైదరాబాద్ ట్రాఫిక్ తగ్గాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే చాలామంది మెట్రో అనే అంటారు. కాదనను. 2017 నవంబరులో మొదలైన మెట్రో ఇప్పుడు 69 కిలోమీటర్లు, మూడు కారిడార్లు, ఏసీ, ఫోన్‌లోనే టికెట్, ఒక రైలు తప్పిపోయినా కాసేపట్లో ఇంకోటి వస్తుంది కాబట్టి టెన్షన్ లేదు. సాయంత్రం అమీర్‌పేటలో లైన్ మారే జనాన్ని చూస్తే ఎంతమందికి అది ఆధారమో తెలుస్తుంది.

ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు 2003 నుంచే ఉంది. రైల్వే పట్టాల మీదే నడుస్తుంది కనుక కొత్తగా పిల్లర్లు లేపే ఖర్చు లేదు, టికెట్ 5 రూపాయల నుంచే. ఫలక్‌నుమా వైపు నుంచి లింగంపల్లి దాకా రోజూ పనికెళ్లేవాళ్లు మెట్రో ఛార్జీ రానూపోనూ ఎలా పెట్టుకుంటారు? చిక్కేమిటంటే అవే పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బళ్లు కూడా పోవాలి, అందుకే రైళ్లు తక్కువ, ఆలస్యాలు ఎక్కువ.

సౌకర్యంలో మెట్రోదే పైచేయి. అయినా ఇకపై పెట్టే రూపాయి ముందు ఎంఎంటీఎస్‌కే వెళ్లాలంటాను: మరిన్ని రైళ్లు, రెండింటికీ ఒకే కార్డు, స్టేషన్ బయట ఎలక్ట్రిక్ బస్సు. హైటెక్ సిటీలో రెండింటికీ స్టేషన్లున్నాయి, కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి పోయేంత దగ్గర కాదు. ఆ బస్సేదో ముందు అక్కడే వేయాలి.