అరుణాచలంలో రూమ్ దెబ్బ, తిరువక్కరైలో రాతి చెట్లు

పౌర్ణమికి అరుణాచలం పోయేవాళ్ళకు ముందే ఒక మాట: ఫోన్లో చెప్పిన రూమ్ రేటు నమ్మొద్దు. మాకు 1,800 అని చెప్పి 500 అడ్వాన్స్ వేయించుకున్న లాడ్జివాడు, రాత్రంతా ప్రయాణం చేసి పాలమూరు నుంచి మేం దిగేసరికి "పౌర్ణమి రేటు సార్, 4,500" అన్నాడు. చక్కని తెలుగులోనే అన్నాడు. అడ్వాన్స్ వాపస్ ఇమ్మంటే ఓనర్ వచ్చాక చూద్దామన్నాడు. మోకాళ్ళ నొప్పితో అమ్మ మెట్ల మీదే కూలబడింది. ఇంకేం చేస్తాం, మిగతా 4,000 కట్టాం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఉందన్న గీజర్ పనిచేయదు, వేడినీళ్ళు బకెట్‌కు 50. బావేమో "దేవుని దగ్గరికొచ్చి లొల్లెందుకు, ఊకో" అన్నాడు. డబ్బులు నావి కదా, ఆయనకు శాంతమే.

దర్శనం, 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ బాగానే అయ్యాయి.

మరునాడు పుదుచ్చేరి పోతూ తిరువక్కరైలో ఆగాం. వక్రకాళి అమ్మవారి గుడి అమ్మ కోసం, ఆ ఊరి పక్కనున్న రాతి చెట్ల పార్కు నా కోసం. "చెట్టు చూడాలంటే మన పిల్లలమర్రి లేదా?" అని బావ కారులోనే ఏసీ వేసుకుని పడుకున్నాడు. డీజిల్ కూడా నాదే.

లోపల ఎర్రమట్టిలో మొద్దులు అడ్డదిడ్డంగా పడున్నాయి. దూరం నుంచి చూస్తే కట్టెల అడితే. తడితే రాయి! వయసు సుమారు 2 కోట్ల ఏళ్ళు. ఒక్కదానికీ కొమ్మ, వేరు లేవు. ఎక్కడో పెరిగి, వరదకు కొట్టుకొచ్చి, ఇసుకలో పూడిపోయాయి కాబట్టి. నీళ్ళలో కరిగిన సిలికా చెక్కలోకి దిగి, కణం కణంగా దాన్ని రాయి చేసింది. 1781లోనే సొనెరా అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. ఇప్పుడు జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా చూసుకుంటోంది.

కాపలా పెద్దాయనకు తెలుగు రాదు, మాకు తమిళం రాదు. ఒక మొద్దు మీద మా సీసాలో నీళ్ళే పోసి చూపించాడు. దుమ్ము పోయి, వలయాలు ఒక్కొక్కటీ తేలాయి, కొమ్మ విరిగిన కణుపుతో సహా. అమ్మ కుంకుమ తీసి బొట్టు పెట్టబోతే మాత్రం గట్టిగా చేతులూపాడు!

పెద్ద నీడ లేదు, పొద్దున్నే వెళ్ళండి. ముక్కలు ఏరుకోవద్దు. తినడానికి దగ్గర్లో మాకేమీ దొరకలేదు. సద్ది కట్టుకుపోవడమే మేలు.