పాత లాప్‌టాప్‌లో ఏది వేద్దాం? ఎక్స్‌పీ, విండోస్ 7, విండోస్ 10, లినక్స్: ఏది మేలు?

అటక మీద పడి ఉన్న లాప్‌టాప్ కిందికి దించగానే చాలామంది అనే మాట ఒకటే: "దీనికి కొత్తవి ఎక్కడ ఎక్కుతాయి, పాత విండోస్ వేసేద్దాం." రిపేరు షాపులో అడిగినా తరచూ ఇదే సలహా వస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 2 జీబీ ర్యామ్ మీద విండోస్ 10 పడే పాట్లు చూసినవాళ్లు ఎక్స్‌పీ రోజుల్ని తలుచుకోక మానరు. కానీ ఆ లాప్‌టాప్‌తో ఇకమీదట ఏం చేస్తారని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ర్యామ్ సంగతి కాదు, దానికి ఇంటర్నెట్ తగిలిస్తామా లేదా అన్నది. మిగతావన్నీ దాన్నిబట్టి వాటంతటవే తేలిపోతాయి.

లెక్కకి ఒక మెషీన్ అనుకుందాం. 2009-10లో కొన్న 15 అంగుళాల లాప్‌టాప్. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, ప్లగ్ తీస్తే ఆరిపోయే బ్యాటరీ. అప్పట్లో మన దగ్గర అమ్మిన వాటిలో కొన్నిటికి అడుగున విండోస్ 7 హోమ్ బేసిక్ స్టిక్కర్ ఉండేది. కొన్ని విండోస్ లేకుండా, ఫ్రీడాస్ అనే ఉచిత సిస్టంతో వచ్చేవి. వాటిలో షాపువాళ్లే "అల్టిమేట్" అని ఒకటి వేసి ఇచ్చేవాళ్లు, అసలుదా నకిలీదా అని అడిగినవాళ్లు తక్కువ.

విండోస్ 11ని ముందే పక్కన పెట్టేయొచ్చు. ఇంటెల్‌లో 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది. ఏవో కిటుకులు చేసి ఆ తనిఖీ దాటించినా, 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్ అనే సౌకర్యం ప్రాసెసర్‌లో లేకపోతే అసలు బూటే కాదు. కోర్ 2 డ్యుయోలో అది లేదు.

ఎక్స్‌పీ: వేగంలో దానికదే సాటి

2001లో వచ్చిన సిస్టం అది. 128 ఎంబీ ర్యామ్ ఉంటే బాగుంటుందని చెప్పిన కాలం. అలాంటిదాన్ని 2 జీబీ మెషీన్ మీద వేస్తే క్లిక్ చేయడమే ఆలస్యం, అన్నీ తెరుచుకుంటాయి.

అక్కడిదాకా చేరడమే పెద్ద తతంగం. ఇలాంటి లాప్‌టాప్‌లలో ఉండే సాటా రకం హార్డ్ డిస్క్‌ని ఏహెచ్‌సీఐ అనే పద్ధతిలో గుర్తుపట్టే డ్రైవర్ ఎక్స్‌పీ సీడీలో లేదు. సీడీ పెట్టి బూట్ చేస్తే నీలి తెర మీద కింద ఒక్కో ఫైలు పేరూ మారుతూ లోడవుతుంది. ఇక సెటప్ మొదలవుతోంది అనుకునే క్షణంలో తెరనిండా తెల్లక్షరాల ఎర్రర్, చివర 7బి అనే కోడ్. హార్డ్ డిస్క్ పోయిందేమోనని కంగారు పడక్కర్లేదు. బయోస్‌లో, అంటే లాప్‌టాప్ ఆన్ కాగానే ఒక కీ నొక్కితే వచ్చే సెట్టింగ్స్ తెరలో, సాటా మోడ్‌ని ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి, కొన్నిటిలో కంపాటబిలిటీ అని ఉంటుంది, దానికి మార్చితే దాటిపోతుంది. ఆ ఆప్షనే లేకపోతే ఎన్‌లైట్ అనే సాఫ్ట్‌వేర్‌తో డ్రైవర్‌ని కలిపి కొత్త సీడీ రాసుకోవాలి. ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టమని సెటప్ దారి చూపిస్తుంది గానీ, ఇప్పుడు ఫ్లాపీ ఎక్కడినుంచి తెస్తాం? ఈ మధ్యలో పదిహేనేళ్ల డీవీడీ డ్రైవ్ సీడీని చదవనని మొండికేస్తే అదో టెన్షన్. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్స్‌పీ వేయొచ్చు గానీ అది అంత సాఫీగా సాగే పని కాదు.

తెలుగు కనిపించడానికీ ఒక మెట్టు ఎక్కాలి. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల సెట్టింగ్స్‌కి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్ల గడిలో టిక్ పెట్టాలి. అది మళ్లీ సీడీ అడుగుతుంది. టిక్ పెట్టకపోతే తెలుగు డబ్బాలుగానో, ఒత్తులు విడిపోయో కనిపిస్తుంది. క్లియర్‌టైప్ కూడా మనమే ఆన్ చేసుకోవాలి, లేదంటే అక్షరాల అంచులు గరుకుగా ఉంటాయి.

"ఎస్ఎస్‌డీ వేసి ఎక్స్‌పీ ఎక్కిస్తే ఇంకేం కావాలి" అనేవాళ్లున్నారు. ఎస్ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్‌కి బదులు వేసుకునే, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్. ఏ చోటు ఖాళీ అయిందో దానికి చెప్పే ట్రిమ్ అనే ఆదేశం ఎక్స్‌పీకి తెలియదు. పైగా పార్టిషన్‌ని 63వ సెక్టర్ దగ్గర మొదలుపెడుతుంది, ఎస్ఎస్‌డీకి ఆ అమరిక సరిపడదు. కొత్త డిస్క్ కొని దాని మీద ఎక్స్‌పీ వేయడం డబ్బులు దండగే.

ఇక నెట్. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీని వదిలేసింది. క్రోమ్ 49వ వెర్షన్‌తో 2016లో ఆగింది, ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్ఆర్‌తో (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే రకం) 2018లో ఆగింది. 2021 సెప్టెంబర్ 30న సైటు అసలుదేనని బ్రౌజర్‌కి హామీ ఇవ్వడానికి చాలా వెబ్‌సైట్లు ఆధారపడ్డ ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ఆ తర్వాత ఎక్స్‌పీలోని పాత బ్రౌజర్లకి బోలెడు సైట్లు "సురక్షితం కాదు" అని కనిపిస్తాయి. ఔత్సాహికులు ఎక్స్‌పీ కోసం తయారుచేసిన మైపాల్, సూపర్మియం లాంటి బ్రౌజర్లతో కొంత బండి నడుస్తుంది. అయితే బ్రౌజర్ కొత్తదైనంత మాత్రాన కింద ఉన్న సిస్టం కొత్తదైపోదు. అందులో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టమని నేను ఎవరికీ చెప్పను.

మరి ఎక్స్‌పీ దేనికి పనికొస్తుంది? డీటీపీకి. తెనాలిలో మా బాబాయ్ ఒకాయన పెళ్లికార్డులు, కరపత్రాలు కంపోజ్ చేస్తాడు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు, ఇన్నేళ్లుగా దాచుకున్న డిజైన్ల ఫోల్డర్లు అన్నీ ఎక్స్‌పీ మీదే. "మార్చేద్దాం బాబాయ్" అంటే, "నెట్ నాకు ఫోన్లో ఉందిగదరా, ముహూర్తాల సీజన్లో దీన్ని కెలికితే కార్డులు నువ్వు కొడతావా?" అన్నాడు. ఆయన మాటే కరెక్టు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పేజ్‌మేకర్ రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఈడూ జోడూ ఎక్స్‌పీయే. నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి వాడుకున్నంత కాలం దానికి వచ్చిన లోటేమీ లేదు.

ప్రమాదమల్లా పెన్‌డ్రైవ్ దగ్గర. డీటీపీ సెంటర్‌కి రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు వస్తుంటాయి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే నడిచే ఆటోరన్ వైరస్‌లు అన్ని ఊళ్లూ తిరిగింది వాటిలోనే. నెట్ లేదు కదా అని ధీమాగా ఉండకుండా ఆటోరన్ ఆపేయాలి, కస్టమర్ ఫైళ్లని ముందు వేరే మెషీన్‌లో చూసుకుని ఎక్కించాలి.

విండోస్ 7: అలవాటైన చెయ్యి

మన నమూనా లాప్‌టాప్ పుట్టింది దీని కాలంలోనే. ర్యామ్ 32 బిట్‌కి 1 జీబీ, 64 బిట్‌కి 2 జీబీ అడుగుతుంది. సాటా డ్రైవర్ గొడవ లేదు, ట్రిమ్ ఉంది, తెలుగుకి వాణి, గౌతమి ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దాంట్లోనే ఉన్నాయి. ప్రింటర్లు, స్కానర్లు మారు మాట్లాడకుండా పనిచేస్తాయి. అడుగున స్టిక్కర్ మీద 25 అక్షరాల కీ చెరిగిపోకుండా ఉంటే అదే ఎడిషన్ వేసి దర్జాగా వాడుకోవచ్చు. లైసెన్స్ లేకుండా నడిపించే క్రాక్ అవసరం లేకపోవడం చిన్న విషయం కాదు, పాత విండోస్‌లో వైరస్ చాలాసార్లు ఆ క్రాక్ ఫైలుతోనే ఇంట్లోకి వస్తుంది.

తలనొప్పి అప్‌డేట్ల దగ్గర మొదలవుతుంది. ఒట్టి సర్వీస్ ప్యాక్ 1 వేసి అప్‌డేట్లు వెతకమంటే గంటల తరబడి వెతుకుతూనే ఉంటుంది. అప్పటిదాకా వచ్చిన అప్‌డేట్లని ఒకే ఫైలుగా కలిపి 2016లో ఇచ్చిన కన్వీనియన్స్ రోలప్‌ని విడిగా దించి ముందే వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. అప్‌డేట్ల డిజిటల్ సంతకాన్ని గుర్తుపట్టడానికి 2019లో వచ్చిన షా-2 అప్‌డేట్ లేకపోతే ఆ తర్వాతివి ఎక్కవు.

ఇంకొకటి, విండోస్ 7 పాత మెషీన్లకే. 6వ తరం ప్రాసెసర్ ఉన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొని, దాని మీద 7 వేద్దామనుకునేవాళ్లకి భాష ఎంచుకునే మొదటి తెర దగ్గరే మౌస్ కదలకుండా ఆగిపోవచ్చు. యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు దాంట్లో లేకపోవడమే కారణం. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్ఎస్‌డీ అయితే అసలు కనపడదు. డ్రైవర్లు కలిపిన పెన్‌డ్రైవ్ తయారుచేసి నెట్టుకురావచ్చు గానీ, అంత కష్టపడి 10కి సరిపోయే మెషీన్ మీద 7 వేయడం దేనికో నాకు అర్థం కాదు.

దీనికి సపోర్టు 2020 జనవరి 14న అయిపోయింది. క్రోమ్ 109 దగ్గర ఆగింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ గడువుని మొజిల్లా పొడిగిస్తూ వచ్చింది కాబట్టి ఎక్స్‌పీ అంత అధ్వాన్నం కాదు. యూట్యూబ్, వార్తా పత్రికలు తెరుచుకుంటాయి. ఆ కాస్త సౌఖ్యమే మనల్ని ఏమరుపాటులో పడేస్తుందని నా అనుమానం. 2017 మేలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ దాడి చేసినప్పుడు అందరూ ఎక్స్‌పీని తిట్టారు గానీ, ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 మెషీన్లే. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ కన్నానికి ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే ఇరుక్కున్నారు. ఇప్పుడు ఇంట్లో వాడే విండోస్ 7కి వేసుకుందామన్నా కొత్త ప్యాచ్ రాదు.

విండోస్ 10: ఎస్ఎస్‌డీ ఉంటేనే

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ మీద టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ వాడకం 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. 4 జీబీ, ఎస్ఎస్‌డీ ఉంటే ఫర్వాలేదనిపిస్తుంది. మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకి ఇచ్చిన అదనపు గడువు మొదట 2026 అక్టోబర్ దాకా. అంటే ఇదీ పాత సిస్టంల వరసలోకి చేరిపోయినట్టే. ఆఫీసు పనికి విండోస్ తప్పనిసరి అయినవాళ్లు మాత్రమే ఇటు చూడాలి.

లినక్స్: నెట్ కావాలంటే ఇదే

విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే సిస్టం లినక్స్. అందులో ఒక రకమైన లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఉంది. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయి. 2024లో వచ్చిన 22వ వరసకి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. తాజా ఫైర్‌ఫాక్స్ వస్తుంది, కాబట్టి పిల్లల కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, వాట్సాప్ వెబ్ తెరవాలన్నా "మీ బ్రౌజర్ పాతది" అన్న మాట వినపడదు. పెన్‌డ్రైవ్ మీద రాసి, ఏదీ చెరపకుండా ముందు నడిపి చూసుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం పైన చెప్పిన విండోస్ సీడీల్లో లేదు.

తెలుగు రాసేవాళ్లకి దీంట్లో ఒక వరం ఉంది. భాషల కీబోర్డులు చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ కీబోర్డు కూడా వస్తుంది. డీటీపీలో, పత్రికల్లో యాపిల్ లేఅవుట్‌కి వేళ్లు అలవాటైనవాళ్లు అదే చేతివాటంతో అన్నిచోట్లా చెల్లే యూనికోడ్‌లో కొట్టేయొచ్చు.

చిక్కులు లేవని కాదు. ఆ కాలపు లాప్‌టాప్‌లు చాలావాటిలో బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటుంది. ఇన్‌స్టాల్ కాగానే వైఫై కనపడకపోతే అదే కారణం కావచ్చు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేసి, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సిన డ్రైవర్ అదే చూపిస్తుంది. ప్రింటర్ల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. మన జిరాక్స్ సెంటర్లలో కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900ని లినక్స్‌లో పనిచేయించడం ఓ యజ్ఞం. ఇంట్లో అదే ప్రింటర్ ఉండి, రోజూ ప్రింట్లు తీసేవాళ్లకి లినక్స్ వేయమని గట్టిగా చెప్పలేను. వీడియోలు కూడా 480పీ దాటితే కోర్ 2 డ్యుయో ఆయాసపడొచ్చు, అది ఏ సిస్టం వేసినా తప్పదు.

మింట్ 64 బిట్ ప్రాసెసర్లకే. చిన్న నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270 లాంటివి 32 బిట్‌వి, వాటికి యాంటీఎక్స్ అనే ఇంకో తేలిక లినక్స్ చూసుకోండి. పాత మెషీన్ల కోసం గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గురించీ కొందరు అడుగుతుంటారు. అది 4 జీబీ ర్యామ్ అడుగుతుంది, 2010కి ముందరి మెషీన్లలో సరిగా నడవకపోవచ్చని గూగులే చెబుతోంది.

అయితే ఎవరికి ఏది?

నెట్ వాడే ఇంటి మెషీన్‌కి మింట్, ఎస్ఎస్‌డీ, దొరికితే ఇంకో 2 జీబీ ర్యామ్. డీడీఆర్2 ర్యామ్ కొత్తది దొరకడం కష్టం, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో సెకండ్ హ్యాండ్ వెతుక్కోవాలి. నెట్ లేకుండా పాత సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ నడవాలంటే విండోస్ 7. ఆ సాఫ్ట్‌వేర్ 7 మీద మొరాయిస్తేనే ఎక్స్‌పీ. నెట్, పాత సాఫ్ట్‌వేర్ రెండూ కావాలంటే, 4 జీబీ ర్యామ్, ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సౌకర్యం ఉంటే, మింట్ మీద వర్చువల్‌బాక్స్ (ఒక సిస్టం లోపల ఇంకో సిస్టం నడిపే సాఫ్ట్‌వేర్) వేసి అందులో ఎక్స్‌పీని 512 ఎంబీతో, నెట్‌వర్క్ ఆపేసి నడపొచ్చు. ఆ పాత సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్, అంటే లైసెన్స్ కోసం తగిలించే చిన్న పరికరం, లాంటిది ఉంటే మాత్రం వర్చువల్‌బాక్స్‌లో పనిచేస్తుందో లేదో ముందు పరీక్షించుకోండి.

ఏది వేసినా ముందు తేదీ చూడండి. లోపల సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి గడియారం పదేళ్లు వెనక్కి పోతే, ఎంత కొత్త సిస్టం వేసినా ప్రతి సైటూ సర్టిఫికెట్ ఎర్రరే ఇస్తుంది.

ఫార్మాట్ కొట్టే ముందు అను ఫాంట్లలో ఉన్న ఫైళ్లని పాత సిస్టంలోనే తెరిచి పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. అవి యూనికోడ్ కావు. ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వరసగా కనిపిస్తాయి. అసలు ఫైళ్లు, ఫాంట్లు రెండూ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేశాకే డిస్క్ జోలికి వెళ్లండి.