సొరకాయకు షుగరు 104: ఇలాంటి వాచీ కొనకండి

ఇంట్లో పెద్దవాళ్ల కోసం "సూది గుచ్చకుండా షుగరు చూపే" స్మార్ట్‌వాచీ కొనాలనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. నేను 3,499 రూపాయలు పెట్టి కొన్నాను. డబ్బు సంగతి సరే, నాన్నగారి ప్రాణం మీదికి వచ్చింది.

ఆయనకు 72 ఏళ్లు. రోజూ వేలికి సూది గుచ్చుకోవడమంటే మహా విసుగు. వాచీ చేతికొచ్చిన రోజే గ్లూకోమీటరు బీరువా ఎక్కేసింది. పొద్దున 108, భోజనమయ్యాక 121, రాత్రి 112. "మందులు బాగా పనిచేస్తున్నాయిరా" అని మురిసిపోయి, సంక్రాంతికి అరిసెలు లెక్క చూడకుండా తిన్నారు. మూడో వారానికి చూపు మసకబారింది, రాత్రి నాలుగైదుసార్లు లేవడం మొదలైంది. అమ్మకు అనుమానం వచ్చి పాత మీటరు తీయించింది. 312! అదే నిమిషంలో వాచీలో 114.

ఆ రాత్రి నాకు కోపంతో నిద్ర పట్టలేదు. వంటింట్లో ఉన్న సొరకాయకు వాచీ బిగించాను. అడుగున పచ్చ దీపాలు మిణుకు మిణుకుమన్నాయి. అర నిమిషంలో ఫలితం: నాడి 74, బీపీ 118/76, షుగరు 104. మా ఇంట్లో అందరికంటే ఆరోగ్యంగా ఉన్నది ఆ సొరకాయే. మర్నాడు పులుసు పెట్టుకున్నాం.

నాడి ఒక్కటే చూపి ఉంటే క్షమించేవాణ్ణి. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది, దానికి తగ్గట్టు పచ్చ కాంతిని ఎక్కువా తక్కువా పీల్చుకుంటుంది. ఆ తేడాను బట్టే వాచీ నాడిని లెక్కిస్తుంది. మంచి వాచీలు కూడా ఏ వస్తువుకో కడితే ఒక్కోసారి బోల్తా పడతాయి. షుగరు సంగతి వేరు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది: చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే షుగరు కొలిచే ఏ వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని. జబ్బకు అతికించుకునే సెన్సర్లు ఉన్నాయి కదా అంటారేమో. వాటి సన్నని తీగ చర్మం లోపలికి వెళుతుంది. అలాంటి సెన్సర్ పంపిన అంకెను వాచీ చూపితే తప్పులేదు. నా వాచీకి అలాంటిదేమీ లేదు, అంకెలు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆ కంపెనీకే తెలియాలి.

ఇక ఆపద బటన్. మూడు సెకన్లు నొక్కితే నాకు ఫోన్ వస్తుందన్నారు. నాన్నగారు పెరట్లో నిలబడి నొక్కారు. ఏమీ రాలేదు. ఆయన ఫోను ముందు గదిలో ఛార్జింగ్‌లో ఉంది, వాచీకి సొంత సిమ్ లేదు, బ్లూటూత్ అన్ని గోడలు దాటి పెరటిదాకా అందలేదు. ఆ సంగతైనా వాచీ చెప్పిందా అంటే, ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం చూపించింది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకునేలోపు తెర ఆరిపోయింది. నేను తెలుగులో పంపిన సందేశాలైతే వరసగా ఖాళీ డబ్బాల్లా కనిపించాయి. దీన్ని తయారుచేసినవాళ్లు కళ్లజోడు వెతుక్కునే మనిషిని ఒక్కసారైనా చూసి ఉండరు.

కొనేముందు అట్టపెట్టె వెనకవైపు చదవండి. మా పెట్టె మీద చీమ తలకాయంత అక్షరాల్లో "ఇది వైద్య పరికరం కాదు" అని ఇంగ్లీషులో ఉంది. ఆపద బటన్ కోసమే కొంటుంటే సొంత సిమ్ ఉందో లేదో అడగండి. ఇంటికి తెచ్చిన రోజే ఫోను ఒక గదిలో వదిలి, పెరట్లోంచో మేడమీదినుంచో నొక్కించి చూడండి. వాపసు గడువు దాటేదాకా ఆగకండి, నేను ఆగి నష్టపోయాను. "ఏడు రోజులు దాటాయి, పైగా అవి అంచనాలు మాత్రమే" అన్నాడు అమ్మినవాడు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు ఇంకా రాలేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆ ప్రకటన పేజీని ఈరోజే ఫోటో తీసి దాచుకోండి, బిల్లుతో పాటు. నేను ఫిర్యాదు చేసిన వారానికి ఆ పేజీలో "షుగరు" అన్న మాట మాయమైంది. ఇప్పుడు అక్కడ "ఆరోగ్య సూచిక" అని ఉంది. ధర మాత్రం అదే.