చెన్నై టీనగర్ వీసా ఆఫీసులో థాయ్‌లాండ్ రిటైర్మెంట్ ప్యాకేజీ: ఐదుకు మూడు

పానగల్ పార్కుకు నడిచేంత దూరంలో ఉన్న ఈ ఆఫీసు బోర్డు మీద సొంత పేరు కన్నా 'థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసా' అన్న అక్షరాలే పెద్దవి. కౌంటర్లో తెలుగువాళ్ళున్నారు. నెల్లూరు, గూడూరు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చే పెద్దవాళ్ళకు అదో ధైర్యం. ప్యాకేజీ తలకు 35,000 రూపాయలు. వీసా ఫీజు, ఇన్సూరెన్సు, డాక్టరు ఖర్చు అన్నీ వేరు.

వీళ్ళు చేయించేది నాన్-ఇమిగ్రెంట్ ఓ-ఏ అనే ఏడాది రిటైర్మెంట్ వీసా. 50 ఏళ్ళు నిండాలి, అక్కడ ఉద్యోగం చేయకూడదు. బ్యాంకులో 8 లక్షల బాత్‌లకు (థాయి కరెన్సీ) సమానమైన సొమ్ము గానీ, నెలకు 65,000 బాత్‌ల ఆదాయం గానీ చూపాలి. గోడ మీది పోస్టరులో 'పదేళ్ళ వీసా' అని కూడా ఉంది. దాన్ని పట్టించుకోకండి. అది ఓ-ఎక్స్, కొన్ని దేశాల పాస్‌పోర్టులకే ఇస్తారు, ఆ జాబితాలో భారత్ లేదు. అడిగితే కౌంటర్లోనూ ఒప్పుకుంటారు గానీ పోస్టరు మాత్రం తీయరు.

వీళ్ళ అసలు పనితనం పేర్ల దగ్గర కనబడుతుంది. మనవాళ్ళ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో 'కె.వి. సుబ్బారావు', పెన్షన్ కాగితంలో 'సుబ్బారావు కె.వి.', పాన్ కార్డులో మూడో రకం. మనకు ముగ్గురూ ఒక్కరే, ఫైలు చూసే అధికారికి ముగ్గురు మనుషులు. ఈ ఆఫీసు మొదటి రోజే అన్ని కాగితాలనూ పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసి, తేడాలను ఎర్ర పెన్నుతో చుట్టి ఇస్తుంది. ముందు బ్యాంకులో కేవైసీ ఫారం ఇచ్చి పేరు మార్పించి, ఆ తర్వాతే స్టేట్‌మెంటు, బ్యాలెన్స్ లెటర్ తీసుకోమంటుంది. ఈ వరస తప్పితే లెటర్ ఒక పేరుతో, స్టేట్‌మెంటు ఇంకో పేరుతో వచ్చి మళ్ళీ మొదటికొస్తుంది.

మెడికల్ సర్టిఫికెట్ సంగతి కూడా వీళ్ళకు బాగా తెలుసు. మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టు ముప్పై పేజీలున్నా ఇక్కడ పనికిరాదు. కుష్ఠు, క్షయ, బోదకాలు, మాదకద్రవ్యాల వ్యసనం, మూడో దశ సిఫిలిస్: ఈ ఐదూ లేవని పేరుపేరునా రాసి, డాక్టరు సంతకం, ముద్ర వేయాలి. దానికి తగ్గ నమూనా ఫారం చేతికిస్తారు. షుగర్, బీపీ ఉన్నాయని కంగారు పడేవాళ్ళకు ఆ ఫారం చూశాక ప్రాణం కుదుటపడుతుంది.

ఇక తప్పులు. మొదటి రోజే మెడికల్‌కు పంపేస్తారు. అది తలకిందుల పని. మెడికల్ ఒక్క పూటలో అయిపోతుంది, పోలీస్ క్లియరెన్స్‌కు (మీ మీద కేసులేవీ లేవనే సర్టిఫికెట్) మాత్రం ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం. ఆ రెండు సర్టిఫికెట్లూ మూడు నెలల లోపువే అయి ఉండాలి. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్టు సేవా సైటులో 500 రూపాయలు కట్టి, సాలిగ్రామం, అమింజికరై, తాంబరం కేంద్రాల్లో ఒకచోట స్లాటు పట్టుకోండి. పాస్‌పోర్టులో ఊరి చిరునామా, కాపురం చెన్నైలో అయితే పోలీసు విచారణ ఇంకాస్త సాగుతుంది. సర్టిఫికెట్ మీద థాయ్‌లాండ్ పేరు పడిందో లేదో అక్కడే చూసుకోండి. అది చేతికొచ్చాకే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రెండో తప్పు, పాస్‌పోర్టు ఒరిజినల్ ఇచ్చి వెళ్ళమనడం. 2025 జనవరి 1 నుంచి భారతీయులకు థాయి వీసా ఆన్‌లైన్‌లోనే. స్కాన్లు ఎక్కించాలి, ఫీజు కట్టాలి, వీసా ఈమెయిల్లో వస్తుంది. పాస్‌పోర్టు ఎవరి అల్మరాలోనూ ఉండక్కర్లేదు. కట్టిన ఫీజు మాత్రం వీసా రాకపోయినా తిరిగి రాదు. పాస్‌పోర్టుకు కనీసం 18 నెలల గడువు ఉండాలి, లేకపోతే ముందు రెన్యువల్.

ఇన్సూరెన్సు దగ్గర వీళ్ళు చూపించే ట్రావెల్ పాలసీకి తలూపకండి. ఏడాది పొడవునా 30 లక్షల బాత్‌లు లేదా లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి. థాయి విమానాశ్రయంలో పాలసీ గడువును బట్టే బస తేదీ వేస్తారు. ఆరు నెలల పాలసీతో దిగితే ఏడాది వీసా ఉన్నా చేతికొచ్చేది ఆరు నెలలే. 70 దాటినవాళ్ళకు ప్రీమియం తడిసి మోపెడవుతుంది కాబట్టి మిగతా ఖర్చుల కన్నా ముందు దీని లెక్క తేల్చుకోండి.

ఈ ప్యాకేజీలో అన్నిటికన్నా పెద్ద లోటు రెండో ఏడాది ఊసే లేకపోవడం. మొదటి వీసాకు డబ్బు మన బ్యాంకులో ఉన్నా సరిపోతుంది. అక్కడ ఎక్స్‌టెన్షన్ (బస పొడిగింపు) కావాలంటే 8 లక్షల బాత్‌లు థాయి బ్యాంకులో, మీ ఒక్కరి పేరునే, దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ ఉండాలి. మంజూరయ్యాక మూడు నెలలు ముట్టుకోకూడదు, ఆ తర్వాత కూడా 4 లక్షల కిందికి దిగనివ్వకూడదు. బాత్ రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతోంది, అంటే 20 నుంచి 24 లక్షల రూపాయలు. రేటు కదిలినా తట్టుకునేలా కొంచెం ఎక్కువే పంపండి.

ఆ డబ్బు పంపడంలో చేయి కాలకుండా చూసుకోవాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఇలా పంపేది 10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. 22 లక్షలు ఒకేసారి పంపితే 2,40,000 రూపాయలు అక్కడే ఆగిపోతాయి. రిటర్ను వేసి తెచ్చుకోవచ్చు, కానీ నెలల తరబడి ఎదురుచూడాలి. మార్చిలో 10 లక్షలు, ఏప్రిల్లో 12 లక్షలు పంపితే ఆగేది 40,000 మాత్రమే. 35,000 తీసుకునేవాళ్ళు ఈ ఒక్క ముక్క చెబితే ఫీజు గిట్టినట్టే. చెప్పరు.

భార్యను డిపెండెంటుగా తీసుకెళ్ళేవారికి మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. ఎనభైల్లో పెళ్ళయినవారి దగ్గర శుభలేఖ, ఆల్బమే ఉంటాయి. వెంటనే రిజిస్ట్రేషన్ పెట్టుకోండి, దాని మీద అటెస్టేషన్ల పని ఇంకా ఉంటుంది.

ప్రయాణానికి ముందూ, దిగాకా చేయాల్సినవి వీళ్ళ కాగితంలో రెండే వాక్యాల్లో ఉన్నాయి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. మీరు దిగిన ఇంటి యజమాని 24 గంటల్లో టీఎం 30 (విదేశీయులు తన ఇంట్లో ఉంటున్నారని ఇమిగ్రేషన్‌కు తెలిపే ఫారం) పెట్టాలి. యజమాని బద్ధకిస్తే ఎక్స్‌టెన్షన్ కౌంటర్లో ఇబ్బంది పడేది మీరే, అందుకే అద్దె ఒప్పందం రోజునే ఆ రసీదు అడగండి. ప్రతి 90 రోజులకూ మీరు టీఎం 47 (ఎక్కడ ఉంటున్నారో తెలిపే ఫారం) ఇవ్వాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా తీసుకుంటారు. ఎక్స్‌టెన్షన్‌కు టీఎం 7 ఫారం, 1,900 బాత్‌లు. పాస్‌బుక్కును ఆ రోజు పొద్దున్నే అప్‌డేట్ చేయించి వెళ్ళండి, నిన్నటి ఎంట్రీ అయితే వెనక్కి పంపేస్తారు.

ఎక్స్‌టెన్షన్ మీద ఉన్నవాళ్ళు సంక్రాంతికి ఊరికి రావాలనుకుంటే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ (మళ్ళీ థాయ్‌లాండ్‌కు తిరిగి రావడానికి అనుమతి) తీసుకోవాలి. అది లేకుండా విమానమెక్కితే ఎక్స్‌టెన్షన్ అక్కడితో రద్దు. ఒకసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా రావడానికి 3,800. బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలోనూ ఆ కౌంటరు ఉంది. టీఎం 8 ఫారం ముందే నింపి, ఒక ఫొటో, నగదు దగ్గర పెట్టుకుని, విమానం వేళకు చాలా ముందే చేరండి.