ఆటోనగర్ హజార్డస్ కిట్: సంచీ మొత్తం కొనాలా, విడిగా ఏరుకోవాలా?

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్‌లోని లారీ స్పేర్‌పార్టుల షాపుల్లో గానీ "హజార్డస్ కిట్ ఇవ్వండి" అంటే, ప్రమాదకరమైన సరుకులు తోలే లారీల కోసం సర్దిన ఒక ఎర్ర సంచీ చేతిలో పెడతారు. అందులో సరుకు వివరాలు తెలిపే మూడు ఈఐపీ స్టిక్కర్లు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ఒక ట్రెమ్ కార్డు, సైలెన్సర్ నుంచి నిప్పురవ్వలు రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్, చేతితొడుగులు, కళ్లద్దాలు, మాస్కు, టార్చి, రెండు రిఫ్లెక్టర్ త్రికోణాలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఎర్తింగ్ వైరు, ఒక చిన్న ఫైర్ సిలిండర్ ఉంటాయి. సంచీ మీద పేరు మారుతుందేమో గానీ లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. అందుకే ఈ సమీక్ష ఏ ఒక్క షాపు గురించో కాదు, ఆ సంచీ గురించే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పెట్రోలు, డీజిల్ ట్యాంకర్లకు కొన్ని మార్పులతో పనికొస్తుంది. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ఫార్మా కంపెనీలకు సాల్వెంట్లు (మిథనాల్, అసిటోన్ లాంటి కరిగించే ద్రవాలు) తోలేవాళ్లు, యాసిడ్ ట్యాంకర్ల వాళ్లు దీన్ని యథాతథంగా కొనకూడదు. డిపో గేటు దగ్గర, ఆర్టీఓ చెకింగ్‌లో ఏమేం అడుగుతారో చూసుకుని సర్దిన సంచీ ఇది. మీ లారీలో ఏ లోడు ఉంటుందో షాపువాడు అడగడు. నిజానికి మొదట అడగాల్సింది అదే.

స్టిక్కర్ల సంగతి చూద్దాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 134వ నియమం ప్రకారం ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్ ప్యానెల్ (ఈఐపీ) లారీకి రెండు పక్కలా, వెనకా కనపడాలి. సరుకు పేరు అక్షరాలు కనీసం 50 మి.మీ. ఎత్తు, ఏ సరుకో చెప్పే యూఎన్ నంబరు అంకెలు కనీసం 100 మి.మీ. ఎత్తు ఉండాలి. ప్రమాద చిహ్నం ఉన్న లేబుల్ కనీసం 250 మి.మీ. చదరం. ఫోన్ నంబర్లు 50 మి.మీ.కి తగ్గకూడదు. కొనేటప్పుడు టేపు పెట్టి కొలవండి. చిన్న సైజు స్టిక్కరు మీద అన్నీ ఇరికించి, నంబరును కుదించి అచ్చేసినవి బజారులో చాలానే ఉన్నాయి. పైగా వినైల్ స్టిక్కరు మీద పెట్రోలు చిందితే జిగురు కరిగి అంచులు లేస్తాయి. నాలుగు వానలకు రంగు వెలుస్తుంది. రేకు పలక మీద పెయింటుతో రాయించి బోల్టులు బిగిస్తే ఖర్చు కాస్త ఎక్కువైనా ఏళ్ల తరబడి ఉంటుంది. లోడు మారే లారీలైతే పలకను జార్చి మార్చుకునేలా ఫ్రేము పెట్టించుకోవాలి. దింపేసిన ట్యాంకరులో ఆవిరి అలాగే ఉంటుంది కాబట్టి, కడిగి గ్యాస్‌ఫ్రీ చేసేదాకా పాత పలక తీయకూడదు.

పలక మీద నంబరు తప్పైతే నష్టం మామూలుగా ఉండదు. పెట్రోలు 1203, డీజిల్ 1202, ఎల్పీజీ 1075, మిథనాల్ 1230, టోలీన్ 1294, అసిటోన్ 1090, సల్ఫ్యూరిక్ యాసిడ్ 1830, హైడ్రోక్లోరిక్ యాసిడ్ 1789, అమోనియా 1005. ఫైర్ సిబ్బంది దూరం నుంచి చూసేది ఈ నాలుగంకెలనే. ప్రమాదంలో ఏం చేయాలో ఫైర్ సిబ్బందికి చెప్పే హాజ్‌కెమ్ కోడ్‌లో మొదటి అంకె 2 అయితే నీటిని సన్నని తుంపరగా కొట్టాలి, 3 అయితే ఫోమ్ వాడాలి, 4 అయితే నీళ్లు తగలనివ్వకూడదు, పొడి పదార్థమే వాడాలి. చివర E అక్షరం ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే విషయం ఆలోచించాలి. ఫోన్ నంబరు గడిలో ఆఫీసు ల్యాండ్‌లైన్ రాయించవద్దు. సరుకు గురించి తెలిసి, అర్ధరాత్రి రెండింటికైనా ఫోన్ ఎత్తే మనిషి నంబరు ఉండాలి.

కిట్‌లో ఇచ్చే ట్రెమ్ కార్డు మాత్రం దాదాపు నిరుపయోగం. "మండే ద్రవాలు" అంటూ అన్నిటికీ కలిపి ఇంగ్లిషులో అచ్చేసిన ఒకే కార్డు అది. సరుకు వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాల్సిన బాధ్యత సరుకు పంపే కంపెనీది. గేటు దాటకముందే వాళ్ల దగ్గర ఆ సరుకు కార్డే అడిగి తీసుకోండి. డ్రైవరు తెలుగువాడైతే తెలుగులో, బిహార్ నుంచో యూపీ నుంచో వచ్చినవాడైతే హిందీలో ఇంకో కాపీ చేయించి రెండూ క్యాబిన్‌లో చేతికందే చోట పెట్టాలి. మూడు రోజుల హజార్డస్ శిక్షణ తీసుకున్న డ్రైవరైనా, పొగల మధ్య పరాయి భాషలో కార్డు చదువుతూ కూర్చోలేడు.

ఇక ఈ సంచీలో అన్నిటికంటే ప్రమాదకరమైనవి తొడుగులూ, మాస్కూ. రక్షణ ఉందన్న భ్రమ కలిగిస్తాయి కాబట్టి అలా అంటున్నాం. చాలా కిట్లలో పల్చటి రబ్బరు తొడుగులు వస్తున్నాయి. కొన్నిటిలో తోలువి. మామూలు రబ్బరు పెట్రోలుకు, టోలీన్‌కు ఉబ్బి మెత్తబడిపోతుంది. తోలు ద్రవాన్ని పీల్చుకుని చర్మానికి అంటించి ఉంచుతుంది. పెట్రోలు, డీజిల్‌కు మందపాటి నైట్రైల్ తొడుగులు తీసుకోండి. అదే నైట్రైల్ అసిటోన్ దగ్గర నిలవదు, అక్కడ బ్యూటైల్ రబ్బరు కావాలి. మిథనాల్‌కూ బ్యూటైలే మేలు. టోలీన్‌కు బ్యూటైల్ కూడా పనిచేయదు, విటాన్ రకం రబ్బరు అడగాలి. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను నైట్రైల్ తట్టుకోలేదు. ఏ తొడుగు ఏ రసాయనానికి ఎన్ని నిమిషాలు ఆగుతుందో తయారీదారు పట్టిక ఇస్తాడు. ఆ పట్టిక చూపించలేని షాపులో తొడుగులు కొనకండి.

కిట్‌లో వచ్చే మాస్కు దుమ్మును ఆపేది. ఆవిరి దానిలోంచి నేరుగా వెళ్లిపోతుంది. ఆవిరిని పట్టి ఆపే క్యాట్రిడ్జ్ (వడపోత డబ్బా) ఉన్న మాస్కు తీసుకోవాలి. దాని మీద రంగు కన్నా అక్షరం చూడండి, ఎందుకంటే ఐరోపా, అమెరికా రంగులు ఒకటి కావు. ఐరోపా పద్ధతిలో A అంటే సేంద్రియ ఆవిర్లు, B అంటే క్లోరిన్ లాంటి వాయువులు, K అంటే అమోనియా. 65 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరిగే మిథనాల్, అసిటోన్‌లకు ఉత్త A రకం చాలదు, AX రకం కావాలి. సీలు విప్పని క్యాట్రిడ్జ్‌కు కూడా గడువు తేదీ ఉంటుంది. ఏ క్యాట్రిడ్జూ ఆక్సిజన్ తయారు చేయదు కాబట్టి, దాన్ని నమ్ముకుని ఎవరూ ట్యాంకులోకి దిగకూడదు. ట్యాంకు లోపలి పని అంటే గాలి సిలిండరు వీపున వేసుకునే సెట్టు, పైన తాడు పట్టుకున్న మనిషి ఉండాల్సిందే.

స్పార్క్ అరెస్టర్ బాగానే ఉంటుంది. సైలెన్సర్ గొట్టం బయటి వ్యాసం కొలిచి, దానికి సరిపడేది తీసుకుంటే చాలు. వదులుగా ఉండి క్లాంపు సందులోంచి పొగ పోతుంటే నిప్పురవ్వ కూడా అక్కడినుంచే పోతుంది. జాలీ రకంలో మసి పేరుకుంటే బండి పికప్ తగ్గుతుంది. అప్పుడు కొందరు డ్రైవర్లు జాలీకి చిల్లు పొడుస్తారు. సర్వీసింగ్ చేయించినప్పుడల్లా విప్పి దులిపిస్తే ఆ అవసరం రాదు.

ఫైర్ సిలిండర్ విషయంలో మోసపోవద్దు. కిట్‌లో వచ్చే కిలో సిలిండరు క్యాబిన్ వైరింగ్ మంటకే సరిపోతుంది. డిపోల్లో సాధారణంగా అడిగేది బయట బిగించిన 10 కిలోల డీసీపీ (మంట ఆర్పే పొడి రసాయనం) సిలిండర్లు రెండు. 10 కిలోలదీ అరనిమిషం లోపే ఖాళీ అవుతుంది, కనుక గాలి వాలు చూసుకుని మంట మొదట్లో కొట్టాలి. ఐఎస్ 15683 గుర్తు, గేజీలో ముల్లు పచ్చభాగంలో ఉండటం, గత పరీక్ష తేదీ చూసుకోండి. లారీ కుదుపులకు లోపలి పొడి అడుగున గడ్డకడుతుంది. ముల్లు పచ్చగా చూపిస్తున్నా పొడి బయటికి రాదు. నెలకోసారి సిలిండర్‌ను తలకిందులు చేసి, అడుగున అరచేత్తో తట్టితే పొడి కదులుతుంది. మిథనాల్ తోలేవాళ్లకు ఒక హెచ్చరిక: ఎండలో దాని మంట దాదాపు కనపడదు. మామూలు ఫోమ్‌ను అది విరిచేస్తుంది, ఆల్కహాల్‌ను తట్టుకునే రకం ఫోమే కావాలి.

టార్చి తీసి పక్కన పడేయండి. ప్లాస్టిక్ ఎల్‌ఈడీ టార్చి మీద "సేఫ్టీ" అని అచ్చేసినంత మాత్రాన ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు. స్విచ్చిలో పుట్టే చిన్న స్పార్కు పెట్రోలు ఆవిరికి చాలు. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగలిగే కనీస ఉష్ణోగ్రత) సుమారు మైనస్ 40 డిగ్రీలు, అంటే మన ఊళ్లలో ఏ రోజైనా ఆవిరి సిద్ధంగా ఉన్నట్టే. మండే ఆవిర్లున్న చోట వాడటానికి ధ్రువీకరణ ఉన్న టార్చినే విడిగా కొనాలి.

స్థిర విద్యుత్తును నేలలోకి పంపే ఎర్తింగ్ వైరు పర్వాలేదు, కానీ క్లిప్పు బలహీనం. పెయింటు మీద పట్టిస్తే కరెంటు పారదు. ట్యాంకు మీద రంగు గీకి ఇత్తడి బోల్టు పెట్టించి, క్లిప్పు పళ్లు లోహాన్ని కరిచేలా చూడాలి. మ్యాన్‌హోల్ తెరవకముందే తగిలించాలి, మూత పెట్టాకే తీయాలి.

సంచీలో లేనివి, తప్పక ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. చిల్లులు మూయడానికి వేర్వేరు సైజుల మెత్తటి చెక్క మేకులు, ఇత్తడి సుత్తి, టైరు కింద పెట్టే రెండు చెక్క దిమ్మలు, పొడి ఇసుక. ఒక సబ్బు బిళ్ల కూడా. పెట్రోలు, డీజిల్‌లో సబ్బు కరగదు, సన్నటి చిల్లులో నొక్కితే కారడం ఆగుతుంది. తడి మీద మామూలు ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముద్ద సరిగా అంటుకోదు. కారిన ద్రవాన్ని పీల్చడానికి వాడే రంపపు పొట్టును మాత్రం నైట్రిక్ యాసిడ్ మీద చల్లకూడదు, అంటుకుంటుంది. జనాన్ని ఆపడానికి బారికేడ్ టేపు కనీసం వంద మీటర్లు కావాలి. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర బోల్తాపడ్డ ట్యాంకరు నుంచి ఇంధనం పట్టుకోవడానికి ఎగబడిన జనంలో రెండు వందల మందికి పైగా కాలిపోయారు. ఉత్తర అమెరికా ఫైర్ సిబ్బంది మార్గదర్శి ప్రకారం పెట్రోలు కారుతుంటే అన్ని వైపులా కనీసం 50 మీటర్లు, ట్యాంకరుకు మంట అంటుకుంటే 800 మీటర్లు ఖాళీ చేయాలి. ఎల్పీజీ ట్యాంకరు మంటల్లో ఉంటే 1600 మీటర్లు.

మొత్తానికి పెట్రోలు బండికైతే సంచీ కొనండి. తొడుగులు, మాస్కు, టార్చి, ట్రెమ్ కార్డు వద్దని ముందే చెప్పి వాటి డబ్బు తగ్గించమని అడగండి, చాలా షాపులవాళ్లు ఒప్పుకుంటారు. సాల్వెంట్, యాసిడ్ వాళ్లు స్పార్క్ అరెస్టర్, త్రికోణాలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా మాత్రం తీసుకుని మిగతావి ఇండస్ట్రియల్ సేఫ్టీ సామాన్లమ్మే చోట లోడు పేరు చెప్పి కొనాలి. యాసిడ్ బండికి కళ్లు కడుక్కునే నీళ్ల డబ్బా కూడా ఒకటి కట్టించండి. ఏది కొన్నా ట్యాంకు పక్కనున్న టూల్‌బాక్స్‌లో పెట్టి తాళం వేయకండి. లీకు అయ్యేది ఆ పక్కనే. కిట్ క్యాబిన్‌లో క్లీనరు సీటు వెనక, తాళం లేకుండా ఉండాలి.