దెయ్యాల కథల రచయిత ఇంతగా నవ్విస్తాడనుకోలేదు: 'ఆన్ రైటింగ్'

స్టీఫెన్ కింగ్ అనగానే రాత్రిపూట లైటు తీయడానికి భయపడేవాళ్లు కూడా 2000లో వచ్చిన ఈ పుస్తకం హాయిగా చదువుకోవచ్చు, ఇందులో దెయ్యాలు లేవు, ఆయన జీవితం, రాత పని గురించిన కబుర్లే. చిన్నప్పటి అల్లరి భాగమైతే పగలబడి నవ్వించింది. తన కథల్ని వద్దని పత్రికలు పంపిన చీటీలన్నీ గోడకి కొట్టిన మేకుకి గుచ్చుకుంటూ పోయాడట, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ బరువుకి మేకు ఆగకపోతే ఇంకా పెద్దది కొట్టి మళ్లీ రాయడానికి కూర్చున్నాడు! 'క్యారీ' మొదటి పేజీలు బాగాలేవని చెత్తబుట్టలో పడేస్తే, భార్య టాబిథా వాటిని తీసి, సిగరెట్ బూడిద దులిపి, మడతలు సాపుచేసి చదివి, మిగతా కథ ఏమవుతుందో చెప్పమంది. 1974లో అదే ఆయన మొదటి నవలగా అచ్చయింది. ఈ ఒక్క ఘట్టం కోసమైనా పుస్తకం కొనొచ్చు.

మధ్యలో ఇంగ్లిష్ వ్యాకరణం గురించి చెప్పిన భాగం తెలుగులో రాసేవాళ్లకి అంతగా పనికిరాదు, అక్కడ కాస్త బోర్ కొట్టింది. 1999లో వ్యాన్ గుద్దేసిన ప్రమాదం, ఆ నొప్పితోనే మళ్లీ రాతబల్ల దగ్గరికి రావడం మాత్రం ఆపకుండా చదివించాయి. ఆడియోబుక్ ఆయన గొంతుతోనే ఉంది, వీలైతే అదే వినండి.